వేట లైసెన్సులు పోయాయి, కరెంటు ఉచ్చులు వచ్చాయి
బిలాస్‌పూర్ అడవుల అంచున వన్యప్రాణి సంరక్షణకు కొత్త చిక్కు

బిలాస్‌పూర్: వన్యప్రాణులను వినోదం కోసం వేటాడేందుకు ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చే పద్ధతికి దేశంలో 1991లో తెరపడింది. షికారు సంఘాలు మూతపడడమో, పేర్లు మార్చుకుని సంరక్షణ సంస్థలుగా అవతరించడమో జరిగింది. అయినప్పటికీ మధ్య భారత అడవులను ఆనుకుని ఉన్న పల్లెల్లో జంతువుల చావులు ఆగలేదు. తుపాకీ చేసే పనిని ఇప్పుడు పొలం గట్టున పరచిన కరెంటు తీగ చేస్తోంది. తుపాకీ పట్టిన వ్యక్తికి పేరూ, లైసెన్సు నెంబరూ ఉండేవి. తీగకు అవేవీ లేవు. పంటను నాశనం చేసే జంతువును ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో తొలగించాలన్న ప్రశ్నకు చట్టంలో జవాబు ఉన్నా, ఆచరణలో అది రైతుకు అందకపోవడమే ఈ పరిస్థితికి మూలం.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉంది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి హైకోర్టు ఇక్కడి నుంచే పనిచేస్తోంది. రైలు, బొగ్గు, న్యాయస్థానం - అడవి భవితవ్యంతో ముడిపడిన ఈ మూడూ ఒకే ఊళ్ళో కొలువుదీరాయి. రైల్వే ఉద్యోగాల మీద ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీలలో గణనీయంగా ఉన్నాయి. నగరానికి వాయవ్య దిశలో అచానక్‌మార్ అడవులు విస్తరించి ఉన్నాయి. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటితమైన ఈ అడవి విస్తీర్ణం సుమారు 914 చదరపు కిలోమీటర్లు.

షూటింగ్ బ్లాకుల కాలం

బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతానికి చేరుకున్న పందొమ్మిదో శతాబ్దం చివరి నాళ్ళలో ఇక్కడి సాలవృక్షాలు పట్టాల కింద స్లీపర్లుగా మారాయి. అడవిలోకి రైలు రావడంతో వేటగాళ్ళ రాకపోకలూ సులభమయ్యాయి. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ అటవీశాఖ రిజర్వు అడవులను షూటింగ్ బ్లాకులుగా విభజించి, రుసుము తీసుకుని పర్మిట్లు జారీ చేసేది. ఏ జంతువును ఎన్ని చంపవచ్చో, ఏ నెలల్లో వేట నిషిద్ధమో నిబంధనలు చెప్పేవి. నదులూ చెరువుల విషయంలో 1897 నాటి మత్స్య చట్టం పేలుడు పదార్థాలతోనూ, విషంతోనూ చేపలు పట్టడాన్ని నేరంగా పరిగణించింది. 1912లో పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. 1927 నాటి అటవీ చట్టంలోని 26వ సెక్షన్ రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడడం, చేపలు పట్టడం, నీటిలో విషం కలపడం, ఉచ్చులు పన్నడం వంటివాటిని శిక్షార్హం చేసింది.

ఈ ఏర్పాటులో ఒక వివక్ష అంతర్లీనంగా ఉంది. పర్మిట్ కొనుక్కున్న దొర 'క్రీడాకారుడు' అయ్యాడు. విల్లంబులతో అడవిలోకి వెళ్ళిన బైగా, గోండు గిరిజనుడు 'దొంగవేటగాడు' అయ్యాడు. సంస్థానాధీశులకు మాత్రం సొంత అడవుల్లో హద్దులు లేవు. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న సర్గుజా మహారాజు రామానుజ్ శరణ్ సింగ్ దేవ్ తన జీవితకాలంలో 1,100కు పైగా పులులను చంపినట్లు స్వయంగా చెప్పుకున్నారు. దానికి పొరుగున ఉన్న కొరియా సంస్థానాధిపతి రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో మూడు చీతాలను కాల్చారు. దేశంలో చివరిసారిగా నమోదైన చీతాలుగా వాటినే చెబుతారు. చీతా అంతరించిపోయినట్లు 1952లో అధికారికంగా ప్రకటించారు. డెబ్భై ఏళ్ళ తర్వాత, 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తేవలసి వచ్చిందంటే నాటి వేటకు చెల్లించిన మూల్యం ఎంతో అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత రాజుల స్థానాన్ని షికారు కంపెనీలు ఆక్రమించాయి. విదేశీ మారకద్రవ్యం ఆశతో ప్రభుత్వాలు విదేశీ వేటగాళ్ళకు అడవులను అద్దెకు ఇచ్చాయి. 1969లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం మహాసభ పులుల స్థితిపై ఆందోళన వ్యక్తం చేసింది. 1970లో పులుల వేటను నిషేధించారు. 1972 గణనలో దేశం మొత్తం మీద తేలినవి 1,827 పులులు మాత్రమే. అదే సంవత్సరం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ అమలులోకి వచ్చాయి.

సంఘాలు కాపాడినది, కాపాడలేనిది

వేటగాళ్ళ సంఘాలన్నీ కేవలం సంహారానికే పరిమితమయ్యాయనడం సత్యదూరం. ఊటీలో 1877లో ఏర్పడిన నీలగిరి గేమ్ అసోసియేషన్ ఒత్తిడి ఫలితంగానే రెండేళ్ళకు, 1879లో, అక్కడి జంతువులకూ చేపలకూ ప్రత్యేక రక్షణ చట్టం వచ్చింది. వేట రుతువులను నిర్ణయించి, కాపలాదారులను పెట్టి, అంతరించిపోయే స్థితిలో ఉన్న నీలగిరి తార్ అనే కొండమేకను ఆ సంఘం నిలబెట్టింది. మున్నారు తేయాకు తోటల యజమానులు స్థాపించుకున్న హైరేంజ్ గేమ్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ కాపాడిన గడ్డిమైదానాలే తరువాతి కాలంలో ఎరవికుళం జాతీయవనంగా మారాయి.

గాలంతో చేపలు పట్టేవారి సంఘాలదీ ఇదే కథ. 1972లో బెంగుళూరులో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘం కావేరి నదిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుంది. పట్టిన మహాసీర్ చేపను తిరిగి నదిలోకే వదలాలన్న నియమం పెట్టింది. డైనమైటుతో చేపలు చంపే స్థానికులలో కొందరిని కాపలాదారులుగా మార్చింది. అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అవుతుందన్న చట్టపరమైన అభ్యంతరంతో 2010 దశకం తొలినాళ్ళలో ఆ శిబిరాలు ఆగిపోయాయి. కావేరిలోని మూపురపు మహాసీర్‌ను 2018లో తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ సంఘం గుర్తించింది.

అమెరికాలో ఈ విధానం చట్టబద్ధంగా కొనసాగుతోంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి విభాగాలకు చేరుతుంది. చేపలవేట సామగ్రిపై పన్నుకు 1950లో ఇటువంటిదే మరో చట్టం చేశారు. వేటగాడు చెల్లించిన సొమ్ము అక్కడ వన్యప్రాణుల నిర్వహణకు ఉపయోగపడుతుంది.

అయితే ఈ పద్ధతిని మన దేశానికి యథాతథంగా తెచ్చుకోవాలనే వాదన నిలవదు. అమెరికాలో వేట మైదానాలలో జనసాంద్రత తక్కువ. ఇక్కడ అడవి లోపలా, అంచులా పల్లెలే. నీలగిరిలోనూ, మున్నారులోనూ సంఘాలు విజయం సాధించింది సభ్యులకే అధికారం ఉన్న పరిమిత ప్రాంతంలో. దాని ఖర్చును భరించింది ఆ అడవిపై హక్కు కోల్పోయిన గిరిజనులు. ఆ సంఘాల అనుభవం నుంచి స్వీకరించవలసిన అంశం మరొకటి ఉంది. ప్రతి వేటకూ అనుమతి పత్రం, చంపిన ప్రతి జంతువుకూ లెక్క, అడవిలో నిత్యం తిరిగే మనుషులు - ఈ మూడూ అప్పట్లో ఉండేవి.

1991 తర్వాత మిగిలిన ఖాళీ

1972 చట్టంలో పెద్ద జంతువులకూ, చిన్న జంతువులకూ వేర్వేరు వేట లైసెన్సుల ఏర్పాటు ఉండేది. 1991 సవరణ వాటిని తొలగించింది. వినోదపు వేటను ఆపడంలో ఈ సవరణ సత్ఫలితాన్నిచ్చింది. కానీ పంట కాపాడుకునే రైతు సంగతి సగంలోనే ఉండిపోయింది.

బిలాస్‌పూర్, కోర్బా, రాయగఢ్ జిల్లాల్లో వరి, మొక్కజొన్న కోతకు వచ్చే వేళకు అడవిపందుల మందలు చేలపై పడతాయి. తరిమేందుకు రాత్రంతా మంచెపై కూర్చోవడం ఒక మార్గం. రెండో మార్గం ప్రమాదకరమైనది. మోకాలి ఎత్తు కర్రలకు సన్నని ఇనుప తీగ కట్టి, పొద్దుపోయాక దానికొక కొక్కెం తగిలించి పైన పోయే 11 కేవీ లైనుకు వేలాడదీస్తారు. తెల్లవారకముందే తీసేస్తారు. మాంసం కోసం వేటాడే ముఠాలదీ ఇదే పద్ధతి. పందికని పన్నిన తీగ చుక్కల దుప్పినీ, ఎలుగుబంటినీ, పులినీ, ఏనుగునూ ఒకే రీతిన చంపుతుంది. చీకట్లో కాలకృత్యాలకు వెళ్ళిన మనిషినీ వదలదు. షూటింగ్ బ్లాకు నిబంధనల్లో పిల్ల తల్లిని చంపరాదన్న విచక్షణ ఉండేది. తీగకు ఆ విచక్షణ లేదు.

ఝార్ఖండ్, ఒరిస్సా వైపు నుంచి ఏనుగులు తరలిరావడంతో సమస్య తీవ్రమైంది. బొగ్గు గనులు, వాటికోసం వేసిన రైలుమార్గాలు వాటి దారులను ముక్కలు చేశాయి. 2021లో 1,995 చదరపు కిలోమీటర్ల లెమ్రూ ఏనుగుల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించినా, ఏనుగులు ఆ గీతల లోపలే ఉండవు. 2024 అక్టోబరులో రాయగఢ్ జిల్లాలో కిందికి వేలాడుతున్న 11 కేవీ తీగలు తగిలి మూడు ఏనుగులు మరణించాయి. అక్కడ ఉచ్చు పన్నినవారెవరూ లేరు. లైను నిర్వహణ లోపమే ఉచ్చుగా మారింది. ఆ మరునెలలో కొరియా జిల్లాలో ఒక పులి కళేబరం లభించింది. ఈ రెండు ఘటనలనూ బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించి ప్రభుత్వాన్ని సంజాయిషీ కోరింది.

రాష్ట్రంలో పులుల సంఖ్య కూడా ఊరట కలిగించేది కాదు. జాతీయ గణనల ప్రకారం 2014లో 46 ఉండగా, 2018లో 19కి, 2022లో 17కు తగ్గింది. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడినట్లు రాష్ట్ర అటవీశాఖ చెబుతోంది.

చట్టంలో ఉన్న దారి

1972 చట్టంలోని 11వ సెక్షన్ ఈ ఖాళీని కొంతవరకు పూరిస్తుంది. పులి, ఏనుగు వంటి మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పుగా మారితే, దాన్ని పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని నిర్ధారించుకున్న మీదటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి చంపేందుకు ఉత్తర్వు ఇవ్వవచ్చు. రెండో షెడ్యూలు జంతువులు పంటకు నష్టం కలిగిస్తే, వార్డెన్ అధికారమిచ్చిన అధికారి అనుమతిస్తే సరిపోతుంది. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు. బీహార్‌లో మనుబోతులు, అడవిపందులను, ఉత్తరాఖండ్‌లో అడవిపందులను, సిమ్లాలో కోతులను 2015, 2016 సంవత్సరాల్లో ఇలా ప్రకటించారు. 2016లో బీహార్‌లో మనుబోతుల కాల్చివేత కేంద్ర మంత్రివర్గంలోనే బహిరంగ వివాదానికి దారితీసింది.

తెలంగాణ ప్రభుత్వం 2021లో అడవిపందుల విషయమై అనుమతి ఇచ్చే అధికారాన్ని సర్పంచులకు అప్పగించింది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇదే అధికారం ఇచ్చింది. నిర్ణయాన్ని పొలానికి దగ్గరగా తేవడం ఈ విధానంలోని మేలు. అయితే అనుమతి పత్రం ఇచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. లైసెన్సు తుపాకీ, గురి, రాత్రిపూట అడవిలో నడిచే అలవాటు ఉన్నవారు పల్లెల్లో అరుదు. ఆయుధాల చట్టం పంట రక్షణకు నాటు తుపాకీ లైసెన్సుకు అవకాశం ఇస్తున్నా, దానికోసం జిల్లా కేంద్రం చుట్టూ తిరిగే స్తోమత సన్నకారు రైతుకు ఉండదు. కొక్కెం, తీగ మాత్రం ప్రతి ఇంటా ఉంటాయి.

బయటి నుంచి వేటగాళ్ళను రప్పించడమూ చిక్కుతో కూడినదే. 2018 నవంబరు 2న మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో 'అవని' అనే ఆడపులిని హైదరాబాద్ షూటర్ షఫత్ అలీ ఖాన్ కుమారుడు కాల్చిచంపినప్పుడు, చంపాలన్న ఉత్తర్వు కంటే చంపిన తీరే పెద్ద వివాదమైంది. అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ ఆ చర్యను బహిరంగంగా ఖండించారు.

లెక్క చెప్పే వ్యవస్థ కావాలి

ఈ పరిస్థితిలో షికారు సంఘాలను పునరుద్ధరించాలని కోరడం కాలాన్ని వెనక్కి తిప్పడమే. అదే సమయంలో, నిషేధం ఉంది కనుక వేట లేదని భావించడం ఆత్మవంచన. రహస్యంగా, లెక్క లేకుండా, విచక్షణారహితంగా సాగుతున్న సంహారాన్ని బహిరంగమైన, పరిమితమైన, జవాబుదారీ గల చర్యగా మార్చడం ఎలాగన్నదే పరిష్కరించవలసిన సమస్య.

దానికి కావలసినవి కొత్త చట్టాలు కావు. అడవి అంచు పల్లెల్లో 11 కేవీ లైన్లకు పూత ఉన్న తీగలు వేయడం, వేలాడే తీగలను సరిచేయడం విద్యుత్ సంస్థ చేయవలసిన పని. పంటనష్ట పరిహారం తదుపరి విత్తే కాలంలోపు రైతు చేతికి అందాలి. ఆలస్యమైన ప్రతి పరిహారమూ తీగ పన్నడానికి ఒక కారణమవుతుంది. అనుమతితో చంపిన పంది కళేబరం చట్టరీత్యా ప్రభుత్వ ఆస్తి. దాని నమోదు పంచాయతీ కార్యాలయంలో అందరికీ కనిపించేలా ఉంటే, అనుమతి ముసుగులో మాంసం వ్యాపారం సాగదు. జాడలు చదవడంలో బైగాలకూ గోండులకూ ఉన్న నేర్పు ఒకప్పుడు దొరల షికారుకు ఉపయోగపడింది. 2009లో అచానక్‌మార్ లోపలి నుంచి ఆరు గ్రామాలను తరలించారు. తరలిపోయిన కుటుంబాల యువకులను వేతనంపై కాపలా, నివారణ దళాలలో చేర్చుకుంటే, అడవిపై వారి హక్కును కొంతవరకైనా గుర్తించినట్లవుతుంది.

2024 నవంబరులో గురు ఘాసీదాస్ - తమోర్ పింగ్లా పులుల సంరక్షణ కేంద్రాన్ని దేశంలో 56వదిగా ప్రకటించారు. సుమారు 2,829 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో నాగార్జునసాగర్ - శ్రీశైలం, మానస్‌ల తర్వాత ఇదే పెద్దది. చివరి చీతాలు కూలిన కొరియా ప్రాంతం కూడా దీని పరిధిలో ఉంది. సంరక్షణ కేంద్రం హద్దులు పటం మీద గీయడం పూర్తయింది. ఆ హద్దు అవతల వరిచేను ఉన్న రైతు రాత్రి పూట కొక్కెం చేతికి తీసుకోకుండా ఉండేందుకు తగిన కారణం ప్రభుత్వం చూపగలిగినప్పుడే ఆ గీతకు విలువ ఉంటుంది.