ఎర్ర హెచ్చరికను దాటిపోవద్దు

నాలుగు రోజులుగా మన సంఘం వెబ్‌సైటు తెరిస్తే ఫోనులో ఎర్ర హెచ్చరిక వస్తా ఉంది. "అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి పోండి, ఏమీ కాదు" అని వాట్సాప్‌లో ఒకరికొకరు చెప్పుకుంటా ఉన్నాం. ఈ అలవాటు వద్దు అంటాం మేము.

సర్టిఫికెట్టు రైలు సీజన్ టికెట్టు వంటిది. మనిషి అతడే అయినా తేదీ దాటితే చెల్లదు. ఫోనులో తేదీ తప్పుగా ఉన్నా ఇదే గొడవ, ముందు అది చూసుకోండి. అందరి ఫోన్లలోనూ వస్తే మాత్రం సైటునే సరిచేయాల. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఊరికే ఇచ్చే సర్టిఫికెట్టు గడువు 90 రోజులకు మించదు. దానంతట అదే కొత్తదయ్యేటట్టు సర్వరులో అమర్చుకోవచ్చు. అది ఎక్కడ ఆగిందో సైటు చూసుకునే పిల్లవాళ్లు వెతకాల.

మనలో చాలామందిమి తమిళంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం. ఆ ఇంగ్లీషు హెచ్చరిక చదివేదెవరు? గడువు తీరిన సైటుకూ దొంగ సైటుకూ దాదాపు అదే తెర. దొంగ సర్టిఫికెట్టు వట్టి భయం కాదు: 2014లో ఎన్ఐసీ నుంచి గూగుల్ సైట్ల పేరిట అనుమతి లేనివి వెలువడితే రద్దు చేయాల్సి వచ్చింది. ఈరోజు మన సైటులో అలవాటైన వేలు రేపు బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ సైటులోనూ నొక్కుతుంది.

సరిచేసేవరకు సైటులో చందా కట్టొద్దు. బర్గూరులో చేతికిచ్చి రసీదు తీసుకోండి.