సైకిలు తొక్కేదెవరు? చెయ్యి చాపేదెవరు?



మా పల్లెలో డిగ్రీ చదివే తమ్ముడొకడు మొన్న సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఐరోపా, అమెరికా దేశాలోళ్ళు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కుతున్నారు. ఇన్ని కిలోమీటర్లు తొక్కుతాం, ఇంత ఇవ్వండని తెలిసినోళ్ళ దగ్గర చందా రాయించుకుంటున్నారు. ఆ డబ్బుతో ఆఫ్రికాలోని జాంబియా పల్లెల్లో పిల్లలకు సైకిళ్ళిస్తారు. "మన వాడకీ ఇట్లాంటోళ్ళు వస్తే బాగుండు సార్" అన్నాడు వాడు. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు న్యాయం మాట్లాడుకుందాం. ఈ పని వట్టిదేం కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2005లో అమెరికాలో మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ జాంబియాలో సైకిళ్ళిస్తున్నది. బరువులు మోసే గట్టి ఉక్కు సైకిలు, పేరు బఫెలో. ఎవరికివ్వాలో ఊరి కమిటీ చూస్తుంది. రిపేరు పని అక్కడోళ్ళకే నేర్పుతారు. బడికి మూడు కిలోమీటర్లు, ఆపైన దూరంలో ఉన్న ఆడపిల్లల మీద పరిశోధకులు లెక్కలు తీశారు. సైకిలొచ్చాక దారిలో పోయే కాలం 35 శాతం తగ్గింది. బడి ఎగ్గొట్టడం 27 శాతం తగ్గింది. రోజూ హాజరుపట్టీ పిలిచే మాకు ఆ అంకెల విలువ తెలుసు. సైకిలుతో మాకు తగాదా లేదు.

మా తగాదా ఆ వీడియోతో. అందులో హీరో ఎవరు? తొక్కేవాడు. వాడి చెమట, వాడి పిక్కల నొప్పి, వాడి కిలోమీటర్లు. సెలవు పెట్టి, ఖరీదైన సైకిలెక్కి, ఇష్టపడి పడే కష్టానికి చప్పట్లు. మరి పొద్దున, సాయంత్రం బడి దారిలో కాళ్ళీడ్చుకుంటూ నడిచే పిల్ల కిలోమీటర్లకు చందా రాసిందెవరు? వాడిది సాహసమట, ఆ పిల్లది పేదరికమట!

ఇంకో ప్రశ్న. జాంబియా పేదదెందుకైంది? అది రాగి గనుల దేశం. బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ 1924 దాకా దాన్ని ఏలింది. ఏలుబడి పోయినా గనుల రాయల్టీ మాత్రం వదల్లేదు. 1964లో స్వతంత్రం వచ్చేదాకా ఆ సొమ్ము కంపెనీ జేబులోకే పోయింది. రైలు దారి వెంట భూములు తెల్లోళ్ళకు పోయాయి. నల్లోళ్ళను రిజర్వులకు నెట్టారు. గుడిసె పన్నేసి, అది కట్టడానికి గనుల్లో కూలికి పోక తప్పని గతి పట్టించారు. 2020లో ఆ దేశం విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. రాగి పోయిన దారినే ఇప్పుడు దానం వస్తున్నది. దానం లెక్క చెప్పేవాళ్ళు రాగి లెక్క ఎందుకు చెప్పరు? భూమి పోగొట్టుకున్నోడికి గొడుగిచ్చి దండం పెట్టించుకున్నట్టు లేదూ!

వేరే దారి లేదా? ఉంది. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోమని డబ్బులిచ్చింది. దాంతో హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ తేల్చారు. జాంబియా లెక్కలు తీసిన వాళ్ళలోనూ ఈ నిషీత్ ప్రకాశ్ ఉన్నాడు. అక్కడా ఇక్కడా అవే రెండు చక్రాలు. కానీ ప్రభుత్వ సైకిలు మన పన్నుల సొమ్ము. రాకపోతే ఆఫీసు ముందు కూర్చోవచ్చు, ఓటప్పుడు నిలదీయవచ్చు. దాత మనసు మారితే ఏ ఆఫీసు ముందు కూర్చుంటాం?

సైకిలు తొక్కడం మనకు కొత్తా? మా నాన్నల కాలంలో ఊరి నడివీధిలో సైకిలు దిగి నెట్టుకుంటూ పోవాలి. ఎక్కినోణ్ణి దించి కొట్టిన ఊళ్ళున్నాయి. అట్లాంటి దేశంలో 1983లో కాన్షీరాం గారు డీఎస్‌-4 కార్యకర్తలను వెంటేసుకుని ఉత్తరాది రాష్ట్రాల్లో వేల కిలోమీటర్లు సైకిలు యాత్ర చేశారు. రెండు కాళ్ళు, రెండు చక్రాలు, అంతే బలగం. వాళ్ళు దారి పొడుగునా జనాన్ని పోగుచేశారు. మరుసటి ఏడు, 1984 ఏప్రిల్ 14న, బహుజన సమాజ్ పార్టీ పుట్టింది.

కాబట్టి తమ్ముడూ, మా జవాబు విను. ఎవరన్నా సైకిలిస్తే మన పిల్లకు ఇప్పించు. కానీ తల దించొద్దు. ఎంత పోగైంది, ఎంత మన దాకా వచ్చింది, లెక్క అడుగు. పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తామంటే, వాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకోనిదే వీల్లేదని చెప్పు. బడికి బస్సు, హాస్టలు, సైకిలు మన హక్కని మండలాఫీసులో అర్జీ పెట్టు. ఒక్కడివే పోవద్దు, పల్లెనంతా తీసుకుపో. ఎవరో వస్తారని దారి చూడకుండా మన సైకిళ్ళు మనం బయటికి తీద్దాం.

జై భీమ్!