యంత్రం రాసిన మన ఊరు

ఖమ్మం జిల్లా వేంసూరు. సత్తుపల్లికి పక్క మండలం. ఇటు దిగితే ఆంధ్ర సరిహద్దు, అటు అశ్వారావుపేట మీదుగా వెళితే భద్రాచలం అడవులు. ఉద్యోగం కోసం ఇలాంటి ఊరు వదిలిపెట్టిన ఏ కుర్రాడైనా ఎప్పుడో ఒక రాత్రి చేసే పని ఒకటుంది. ఇంటర్నెట్‌లో సొంతూరి పేరు కొట్టి చూసుకోవడం!

తెలుగు వికీపీడియా పేజీ తెరుచుకుంటుంది. జనాభా ఎంత, ఇళ్లెన్ని, బడులెన్ని, సాగునీరు ఎక్కడి నుంచి... అన్నీ వరసగా ఉంటాయి. ‘ఎవరో మనూరాయనే ఓపిగ్గా రాసుంటాడు’ అనుకుంటాం. కానీ చాలా ఊళ్ల విషయంలో ఆ పేజీ మొదలుపెట్టింది మనిషి కాదు. ‘బాటు’ అనే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం.

వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినప్పుడు రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఊళ్లేమో వేలకు వేలు. ఒక్కో ఊరికీ కూర్చుని పేజీ తయారుచేయాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే మండలాలు, గ్రామాల పేజీల పనిలో చాలా భాగం బాట్లకు అప్పజెప్పారు. అంతకుముందే 2002లో ఇంగ్లిష్ వికీపీడియాలో ‘రామ్‌బాట్’ అనే ప్రోగ్రాం అమెరికా జనగణన లెక్కల ఆధారంగా 30 వేల దాకా ఊళ్లకు, కౌంటీలకు పేజీలు పెట్టేసింది. దారి అక్కడే పడింది.

పక్క కిటికీలోంచి...

ఇంతకీ యంత్రం ఎలా రాస్తుంది? వెబ్‌సైట్‌కు మనుషుల కోసం ముందు గుమ్మం ఉంటుంది. ‘మార్చు’ అన్నచోట నొక్కి, టైప్ చేసి, భద్రపరుస్తాం. ప్రోగ్రాముల కోసం పక్కనే ఓ కిటికీ ఉంటుంది. దాన్నే ఏపీఐ అంటారు. అక్కడ రంగులుండవు, బొమ్మలుండవు. అడగాల్సిన పద్ధతిలో అడిగితే పని జరుగుతుంది, లేకపోతే తప్పేమిటో చెప్పి తిప్పి పంపేస్తుంది.

బాటు ముందుగా తన పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళుతుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నట్టు ఓ టోకెన్ తీసుకుంటుంది. ఆపై పేజీ పేరు, అందులో పెట్టాల్సిన రాత, ఎందుకు రాస్తున్నామో చెప్పే చిన్న వివరణ, ఆ టోకెన్ కలిపి పంపుతుంది. ‘సరే’ అని జవాబొస్తే తర్వాతి ఊరికి వెళుతుంది.

రాత ఎక్కడిదంటారా? పెళ్లి శుభలేఖలో పేర్లు, ముహూర్తం మార్చి మిగతాదంతా అలాగే ఉంచినట్టు ఒకటే నమూనా ఉంటుంది. జనాభా అన్నచోట ఖాళీ, మండలం అన్నచోట ఖాళీ. పట్టికలో ఒక్కో వరస తీసుకుని ఆ ఖాళీలు నింపుకుంటూ పోవడమే.

పని సుళువే. చిక్కంతా తర్వాతే.

కందుకూరు ఎక్కడుంది?

వేంసూరు మండలంలో కందుకూరు అనే ఊరుంది. రంగారెడ్డి జిల్లాలో కందుకూరు మండలమే ఉంది. 2022లో ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారిన కందుకూరు పట్టణం ఇంకోటి. మనిషికి చెబితే ‘ఏ కందుకూరు?’ అని అడుగుతాడు. బాటు అడగదు. పేరు పక్కన మండలం పేరు చేర్చమని ముందే చెప్పకపోతే ఒక ఊరి లెక్కలు తీసుకెళ్లి ఇంకో ఊరి నెత్తిన పెడుతుంది.

పేర్ల గొడవ సరేసరి. సర్కారు పట్టికల్లో ఊళ్ల పేర్లు ఇంగ్లిషులో ఉంటే వాటిని తెలుగు చేయాలి. ఇంగ్లిషులో ‘ద’కూ ‘డ’కూ ఒకటే అక్షరం. పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ తేడా తెలియదు. మర్లపాడు కాస్తా ‘మర్లపదు’ కాగలదు. ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చేయని తప్పు అది!

ఇక సరిహద్దులు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో మళ్లీ తూర్పు గోదావరిలో కలిసింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలొచ్చాయి. పొరుగునున్న అశ్వారావుపేట, దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వెళితే, వేంసూరు మాత్రం ఖమ్మంలోనే ఉండిపోయింది.

ఇలాంటప్పుడు వందల పేజీల్లో జిల్లా పేరు మార్చడానికి బాటుకు మించిన సాయం లేదు. కానీ ఒక చోట ఉన్న పేరు తీసి ఇంకో పేరు పెట్టమంటే అది కళ్లు మూసుకుని పెట్టేస్తుంది. ‘1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది’ అన్న వాక్యంలోనూ కొత్త జిల్లా పేరు వచ్చి కూర్చుంటుంది. వర్తమానం సరిచేయబోతే చరిత్ర చెడుతుంది.

మనిషి తప్పు చేస్తే ఒక పేజీ పాడవుతుంది. బాటు తప్పు చేస్తే నిమిషాల్లో వందల పేజీలు! అందుకే వికీపీడియాలో బాటు నడపాలంటే ముందు నలుగురికీ చెప్పాలి, విడిగా ఖాతా తెరవాలి, కొన్ని పేజీల మీద ప్రయోగించి చూపాలి. తెలుగు వికీలో అలాంటి మంచీచెడూ మాట్లాడుకునే చోటుకు ‘రచ్చబండ’ అని పేరు. అన్నట్టు, మనుషుల మార్పులు మరుగున పడకూడదని బాటు చేసిన మార్పులను మామూలుగా ‘ఇటీవలి మార్పులు’ జాబితాలో కనిపించకుండా ఉంచుతారు. సౌకర్యమే. కానీ ఆ మాటున తప్పులు కూడా ఎవరి కంటా పడకుండా దాటిపోగలవు.

గడి లేని సంగతులు

సంఖ్య పెరిగితే సరిపోతుందా? ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో భాషలో 60 లక్షలకు పైగా వికీ వ్యాసాలున్నాయి. ఎక్కువ భాగం స్వీడన్‌కు చెందిన స్వెర్కెర్ యొహాన్సన్ బాటు రాసినవే. రాశిలో ఇంగ్లిష్ తర్వాతి స్థానం దానిదే. చదివేవాళ్లు, సరిదిద్దేవాళ్లు ఆ లెక్కన లేరు. మన దగ్గరా 2009-11 మధ్య గూగుల్ తన అనువాద పరికరం సాయంతో తెలుగు సహా పలు భారతీయ భాషల వికీల్లోకి వ్యాసాలు చేర్పించింది. భాష కృతకంగా ఉందని వికీపీడియన్లు గగ్గోలు పెట్టారు.

వేంసూరునే చూడండి. జలగం వెంగళరావు 1973లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వేంసూరు ఎమ్మెల్యే. 1978 నుంచి ఆ నియోజకవర్గమే లేదు, దాని స్థానంలో సత్తుపల్లి వచ్చింది. సత్తుపల్లిలోని సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనికి ఆయన పేరే పెట్టారు. జనగణన పట్టికలో ఈ సంగతులకు గడి లేదు. గడి లేనిది బాటుకు కనపడదు.

పట్టిక కూడా పాతబడింది. ఊళ్ల లెక్కలు ఇప్పటికీ 2011వే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి 2027కు చేరింది. ఈలోగా పుట్టిన పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లే ‘మన ఊరు’ ప్రాజెక్టు కోసం ఆ పేజీ తెరిచి పాత అంకెలు రాసుకుంటున్నారు. కృత్రిమ మేధ ప్రోగ్రాములూ వికీపీడియాను చదివే జవాబులు నేర్చుకుంటున్నాయి. ఒక చోటి తప్పు పది చోట్ల పలుకుతుంది.

అయితే యంత్రం నాటింది మొలకే. వికీలో చిన్న పేజీని పిలిచేదీ ‘మొలక’ అనే. నీళ్లు పోయాల్సింది ఊరివాళ్లు. ‘మార్చు’ అన్న మాట ప్రతి పేజీ మీదా ఉంటుంది. ఆధారం చూపించాలన్నది ముఖ్యమైన షరతు. పాత పేపరు వార్తో, జిల్లా చరిత్ర పుస్తకమో ఉంటే చాలు. తాతయ్య చెప్పిన కథకు ఆధారం దొరక్కపోతే పేజీకి ఎక్కదు, నిజమే. కానీ ఊరి చెరువు ఫొటో తీసి పెట్టడానికి ఎవరి పుస్తకమూ అక్కర్లేదు.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని మీ ఊరి పేజీ ఒకసారి తెరవండి. పక్కనే ‘చరిత్ర’ అన్నచోట నొక్కితే ఎవరెవరు ఎప్పుడేం రాశారో కనిపిస్తుంది. అందులో బాటు పేరు తప్ప మీ ఊరివాళ్లు ఒక్కరూ లేకపోతే, మొదటి పేరు ఎవరిదో తేల్చుకోవాల్సింది మీరే.