ధర్మశాస్త్రం కింద లేమన్నారు కదా అయ్యగారూ!

(కృప - కులం : నాలుగో భాగం)

తెలుగు బైబిలు చదివినప్పుడల్లా నన్ను ఆపేసే మాట ఒకటుంది. ‘ధర్మశాస్త్రము’.

మోషే ద్వారా వచ్చిన దాన్ని హీబ్రూలో తోరా అంటారు. పౌలు గ్రీకులో నోమోస్ అని రాశాడు. ఇంగ్లీషు వాళ్లు ‘లా’ అని ఊరుకున్నారు. తెలుగులోకి వచ్చేసరికి అది ధర్మశాస్త్రం అయింది. మిషనరీల పక్కన కూర్చుని తెలుగు దిద్దిన పండితులకు అంతకన్నా పెద్ద మాట దొరకలేదు కాబోలు. కానీ ఆ మాటకి అప్పటికే సొంతదారులున్నారు. మన నేల మీద ధర్మశాస్త్రం అంటే మనువు, యాజ్ఞవల్క్యుడు, పరాశరుడు. చండాలుడు ఊరి బయటే ఉండాలి, పగిలిన కుండలో తినాలి, శవాల మీది బట్ట కట్టుకోవాలి అని మనుస్మృతి పదో అధ్యాయం రాసిపెట్టింది. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసిన దాన్ని కాబట్టి చెబుతున్నా, మన పాత పుస్తకాల్లో ఈ మాట ఎక్కడ వచ్చినా దాని వెనక ఒక వెలివాడ ఉంటుంది.

ఇప్పుడు నూట యాభై ఏళ్ల కిందటి ఒక మాదిగపల్లెని ఊహించుకోండి. చదువురాని మనుషులు చెట్టు కింద కూర్చున్నారు. ఒక బోధకుడు పౌలు ఉత్తరం చదివి, ఇకనుంచి మీ మీద ధర్మశాస్త్రం పెత్తనం లేదు, మీరు కృప కింద ఉన్నారు అంటున్నాడు. వాళ్లకి అది ఎక్కడో యెరూషలేములో జరిగిన గొడవలా వినపడి ఉంటుందా? కరణం గారి అరుగు మీద ఉన్న చట్టం పోయిందని వినపడి ఉంటుందా? వేదాంత కళాశాలల్లో మూడేళ్లు చదివినా అర్థంకాని సంగతి మా తాతలకి ఒక్క అనువాద పదంలో అర్థమైపోయింది.

ఇందులో మోషేకి అన్యాయం జరిగిన మాట నిజమే, అది కూడా చెప్పాలి. తోరా బానిసత్వం నుంచి బయటపడ్డ జనం రాసుకున్న చట్టం. పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించొద్దంటుంది, పరిగె పేదలకి వదిలేయమంటుంది, దాసుడికీ దాసికీ కూడా వారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వమంటుంది. మనువు గారి పుస్తకంలో ఇలాంటివి వెతుక్కోండి. అందుకని యూదుల్ని తిట్టే ప్రసంగాలకి నా వ్యాసాన్ని వాడుకోవద్దని మనవి. పౌలు కూడా యూదుడిగానే మాట్లాడాడు. యూదులు కానివాళ్లు దేవుడి దగ్గరికి రావాలంటే ముందు సున్నతి చేయించుకుని మాలాగా మారాలి అనే షరతు మీదే ఆయన తిరగబడ్డాడు.

ఆ తిరుగుబాటు ఎక్కడ పగిలిందో చూడండి. భోజనం దగ్గర. గలతీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో ఉంది ఆ సంగతి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటున్నాడు. యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చారు. వాళ్లని చూసి పేతురు మెల్లగా విస్తరి దగ్గరనుంచి లేచాడు. ఆయన్ని చూసి మిగతా యూదులు లేచారు, ఆఖరికి బర్నబా కూడా లేచాడు. పౌలు అందరి ముందూ పేతురుని నిలదీశాడు. కృప గురించి, విశ్వాసం వల్ల నీతి గురించి ఆయన చెప్పిన అంత పెద్ద మాటలు ఈ లేచిపోవడం వెంటనే వస్తాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినొచ్చు అన్న ప్రశ్నకి జవాబుగా వస్తాయి. బంతిలోంచి లేచి వెళ్లడం అంటే ఏమిటో తెలిసిన జనానికి ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంకో చమత్కారం. మన సంఘాల్లో బాప్తిస్మం తీసుకోని బంధువుల్ని ‘అన్యులు’ అంటారు. అమ్మా, అయ్యా, పౌలు ఉత్తరంలో అన్యజనులు మనమే.

మాది ఒంగోలు వైపు. అక్కడ ఈ అంతియొకయ గొడవ మళ్లీ జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లాఫ్ 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఆయన బడికి పై కులాల పిల్లలే వచ్చారు, ఆయనా సంబరపడ్డాడు. ఈలోగా యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి, ఆయన మనుషులు వచ్చారు. వీళ్లని చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్దకులాల వాళ్లు. ఆ రాత్రి క్లాఫ్, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి ఉత్తరంలోని అదే భాగం, దేవుడు జ్ఞానుల్నీ గొప్పవాళ్లనీ కాక బలహీనుల్ని ఎన్నుకున్నాడనే భాగం తగిలిందని ఆయనే రాసుకున్నాడు. నమ్మినా నమ్మకపోయినా, ఆయన మాదిగల పక్కన కూర్చున్నాడు. బడి ఖాళీ అయింది.

‘రైస్ బ్యాగ్’ అని మనల్ని వెక్కిరించే వాళ్ల కోసం ఒక లెక్క. 1876-78 కరువులో క్లాఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన వాళ్లకి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. బియ్యం అయిపోయాక వచ్చిన జనం వీళ్లు.

క్లాఫ్ కూడా చట్టం పెట్టాడు, కాదనను. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. కృప పేరుతో వచ్చి మళ్లీ మూడు రూళ్లా అని నేనూ ఒకప్పుడు క్లాసులో విద్యార్థులతో వాదించాను. కానీ ఆ మూడూ మాదిగ జీవితంలో ఏం చేశాయో చూస్తే వేరేగా కనబడుతుంది. ఆదివారం పని మానడమంటే ఆసామి పిలిచినా పోకపోవడం. చచ్చిన గొడ్డు వద్దంటే ఊరికి చేయాల్సిన వెట్టిని, దానికిచ్చే కూలిని కలిపి వద్దనడం. మొక్కను అంటే జాతరలో డప్పు కొట్టననడం. బైబిలు భాషలో అవి ఆజ్ఞలు, ఊరి భాషలో సమ్మె నోటీసు. అందుకే ఊళ్లు మండిపడ్డాయి.

ఇప్పటి అయ్యగార్లు పెట్టే రూళ్లని ఆ కాటా మీదే తూచండి. బొట్టు తీసెయ్. పూలు పెట్టుకోకు. గాజులు వద్దు. పక్కింటి వాళ్లు బతుకమ్మ సద్దులు పెడితే ముట్టుకోకు. డప్పు సాతానుది (కీబోర్డు ఎవరిదో మరి). ఇందులో ఏ దొర పెత్తనం విరిగింది? ఎవడి వెట్టి ఆగింది? విరిగింది మన ఆడవాళ్ల మెడా చేతులూ, మన మాదిగ వాయిద్యం. విగ్రహాలకి పెట్టిన మాంసం గురించి అడిగితే పౌలు దాన్ని మనస్సాక్షికి, పక్కవాడి మీద ప్రేమకి వదిలేశాడు. మన వాళ్లు దాన్ని కూడా లెడ్జర్లో ఎక్కించారు. ధర్మశాస్త్రాన్ని ముందు గుమ్మంలోంచి పంపించి పెరటి తలుపు తీసిపెట్టారు.

1936లో ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ చెప్పింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నియమాలు వేరు, సూత్రాలు వేరు అన్నాడాయన. హిందువులు మతం అంటున్నది చివరికి ఆజ్ఞల, నిషేధాల కట్ట తప్ప మరొకటి కాదన్నాడు. మహాడ్‌లో మనుస్మృతి తగలబెట్టింది 1927 డిసెంబరు 25న. క్రిస్మస్ రోజు. మన చర్చిల్లో ఆ రోజు ఈ సంగతి ఎంతమంది తలుచుకుంటారు? అదే బాబాసాహెబ్, మతం మారినా క్రైస్తవుల్లో కులం పోలేదని కూడా కుండబద్దలు కొట్టాడు. ఆ తిట్టు మనకి అవసరం.

మా అంబేడ్కరైట్ మిత్రులు కొందరికి ‘కృప’ మాటే నచ్చదు. తమరి కృప దొరా అని చేతులు కట్టుకున్న మాట కదా అంటారు. నిజమే, మన కావ్యాల్లో రాజుగారి కృపాకటాక్షం పేజీకొకసారి తగులుతుంది. పౌలు చెప్పిన కృపలో మాత్రం ఒక మెలిక ఉంది. అది ఎవరి అర్హతనీ చూడదు, అందుకే ఎవరూ గొప్ప చెప్పుకోడానికి లేదు. పుట్టుకా, చదువూ, ఆచారమూ అన్నీ అక్కడ సున్నా. దొర కూడా అదే వరుసలో నిలబడాలి.

ఇక సోమాజిగూడకి వద్దాం. ఇక్కడ ఒక కమర్షియల్ కాంప్లెక్స్ పై అంతస్తులో ఆదివారం ఆరాధన జరుగుతుంది. పేరు రాయను, అలాంటివి ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ముందు వరుసల్లో కార్లలో వచ్చే కుటుంబాలు, వెనక అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు, ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు. గలతీ పత్రిక మీద నాలుగు వారాలు ప్రసంగాలు విన్నాను. అయ్యగారి పేరు చివర కులం తోక భద్రంగా ఉంది. ధర్మశాస్త్రం మనల్ని ఏమీ చేయలేదు అని గొంతు చించుకున్నారు. నాలుగో వారం బయటికి వస్తుంటే పెళ్లి సంబంధాల ఫారం చేతికిచ్చారు. పేరు, చదువు, జీతం, సంఘం. ఐదో కాలమ్: కమ్యూనిటీ.

రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్, మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్. మనవాళ్లం మాత్రం తక్కువా? మాల సంఘం, మాదిగ సంఘం అని గోడలు మనమూ కట్టుకున్నాం. పేతురు విస్తరి దగ్గరనుంచే లేచాడు, మనం పెళ్లిపీటల దగ్గరనుంచి లేచిపోతున్నాం.

ముందు వరుసలో కూర్చునే పెద్దమనుషుల ప్రార్థన విన్నారా? అర్హత లేని నన్ను ప్రేమించావయ్యా అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. సోమవారం ఆఫీసుకెళ్లి, రిజర్వేషన్ల వల్ల మెరిట్ నాశనమైపోయిందంటారు. మోక్షం దగ్గర మెరిట్ వద్దు, ఉద్యోగం దగ్గర మెరిట్ కావాలి. పరలోకంలో సీటు ఉచితంగా తీసుకున్న మనిషికి సెక్రటేరియట్‌లో మా పిల్లాడి సీటు మీద కడుపుమంట ఎందుకో నాకు ఏ వాక్యంలోనూ దొరకలేదు.

ఆ వెనక వరుస పిల్లల్లో గ్రూప్-2 కి చదువుకునే ఒక అబ్బాయి ఉన్నాడు. ఎస్సీ సర్టిఫికెట్ పెట్టుకుని చర్చికి రావడం రెండు పడవల మీద కాలు అని, అలాంటివాళ్లు ప్రభువు బల్లలో అయోగ్యంగా చేయి వేస్తే శిక్ష తప్పదని అయ్యగారు చెప్పారట. మూడు నెలలుగా రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు. “నేను అబద్ధంలో ఉన్నానా మేడమ్?” అని అడిగాడు.

అయ్యగారూ, ఆ అయోగ్యం సంగతి ఎక్కడుందో పై నుంచి ఒకసారి చదవండి. కొరింథులో ఉన్నవాళ్లు ముందొచ్చి కడుపునిండా తిని తాగేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. పేదల్ని సిగ్గుపరిచే ఆ భోజనం చూసి మండిపడ్డాక పౌలు అన్న మాట అది. ఆ లెక్కన మూడు నెలలు బల్లకి దూరంగా ఉండాల్సింది వెనక వరుస కుర్రాడా, కమ్యూనిటీ కాలమ్ అచ్చేయించిన వాళ్లా?

ఆ పిల్లాణ్ణి ఈ ఇరుకులో పెట్టింది అయ్యగారు ఒక్కరే కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనం బయటే ఉన్నాం. మద్రాసు రోడ్డు మీద చెప్పులు కుట్టే సూసై అనే ఆయన, తోటి చెప్పులు కుట్టేవాళ్లకి ఇచ్చిన బంకు నాకెందుకివ్వరు అని సుప్రీంకోర్టుకి వెళ్తే, క్రైస్తవంలోకి వెళ్లాక కూడా అదే అణచివేత ఉందని రుజువు చూపించలేదని 1985లో పంపించేసింది. 2024 నవంబరులో అదే కోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునంటే రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కి గడువు మీద గడువు ఇస్తూ పోయారు.

మన రెండు రాష్ట్రాల్లో విచిత్రం ఇంకోటి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని బీసీ-సీ అని పెట్టి 1 శాతం ఇస్తారు. అంటే బాప్తిస్మంతో వెనకబాటు పోదని ప్రభుత్వానికీ తెలుసు. రెడ్డి బాప్తిస్మం తీసుకుంటే రెడ్డిగానే ఉంటాడు, పొలమూ ఉంటుంది, పలుకుబడీ ఉంటుంది. మాల బాప్తిస్మం తీసుకుంటే మాలతనం ఊరి దృష్టిలో ఉంటుంది, కోర్టు దృష్టిలో మాత్రం పోతుంది. ఏం నీళ్లండీ అవి, మనిషిని బట్టి కడుగుతున్నాయి?

అబ్బాయికి నేను అపొస్తలుల కార్యములు ఇరవై రెండో అధ్యాయం చదవమని చెప్పాను. యెరూషలేములో సైనికులు పౌలుని కట్టేసి కొరడాలు తీశారు. కృప గురించి అన్ని ఉత్తరాలు రాసిన మనిషి, పుట్టుకని పెంటతో సమానంగా ఎంచుకున్నానన్న మనిషి, ఆ క్షణంలో ఏం చేశాడు? నేను పుట్టుకతో రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా నన్ను కొట్టడానికి మీకు హక్కుందా అని అడిగాడు. సహస్రాధిపతి భయపడి కట్లు విప్పించాడు. ఆ తర్వాత కైసరుకి అప్పీలు కూడా చేసుకున్నాడు. పౌరసత్వం చూపించి అబద్ధంలో బతికాడని పౌలుని ఏ సంఘమూ బల్ల దగ్గర ఆపలేదు.

2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో గుంటూరు జిల్లా పాస్టర్ ఒకాయన కేసు తీర్పుకి వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ కేసు పెట్టాడు. పదేళ్లుగా పాస్టరువి కాబట్టి నువ్వు ఎస్సీవి కాదు, ఈ చట్టం నీకు వర్తించదు అని కోర్టు కేసు కొట్టేసింది. చట్టం కొరడాని ఆపి ‘నువ్వెవరు’ అని పౌలుని అడిగింది. ఆయన్ని కూడా అదే అడిగింది, కొరడాని మాత్రం ఆపలేదు.

(వచ్చే భాగంలో మూడో పేరా సంగతి)