మంచుకొండల్లో నేల టిక్కెట్టు

మంచు పాటలు చూసి పెరిగినవాళ్ళం మనం. హీరోయిన్ పల్చటి చీరలో పాడుతుంటుంది, హీరోగారు స్వెట్టరు మీద కోటు తొడుక్కుని వెంటపడుతుంటాడు. ఐదు నిమిషాల్లో పాట అయిపోతుంది. ఆ రాత్రి యూనిట్టు ఎక్కడ పడుకుందో తెరమీద ఎవరూ చూపించరు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం!

ముందు ఓ సరదా నిజం. 1992 నాటి ‘రోజా’ కథ నడిచేది కాశ్మీరులో, కెమెరా వెళ్ళింది మనాలికి. 2013లో వచ్చిన ‘యే జవానీ హై దీవానీ’లో కుర్రకారు వెళ్ళేది మనాలికి, మంచు మాత్రం చాలావరకు గుల్మార్గ్‌ది! సినిమావాళ్ళకు ఏ మంచైనా ఒకటే. మనకు అలా కుదరదు. ఎందుకంటారా? మనకున్నవి శని, ఆదివారాలు రెండే.

నేను ఢిల్లీలో ఉద్యోగం వెలగబెడుతున్నాను. గదిలో ముగ్గురం తెలుగువాళ్ళం. ఓ చలికాలం మాకు స్కీయింగ్ పిచ్చి పట్టింది. శుక్రవారం సాయంత్రం కశ్మీరీ గేట్‌లో బస్సెక్కితే, ఐదువందల కిలోమీటర్ల పైచిలుకు దారి, శనివారం పొద్దున్నే మనాలి. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు, సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా ఆఫీసు. లెక్క బ్రహ్మాండంగా ఉంది కదూ!

మొదటిసారి మాల్ రోడ్డు దగ్గర హోటల్లో దిగాం. రాత్రికి నాలుగువేల అయిదువందలు. కిటికీ తెరిస్తే ఎదురుగా మంచుకొండ. మావాళ్ళు ఫోటోల మీద ఫోటోలు. ఆ శనివారమంతా దారిలో జీపుల వరసలోనే గడిచింది. రాత్రి బాగా మంచు కురిసింది. ‘ఇంకేం, రేపు పండగే’ అనుకున్నాం. తెల్లారి చూద్దుం కదా, సోలాంగ్ దారిలో మామూలు కార్లను పోలీసులు ఆపేశారు. నాలుగు చక్రాలూ లాగే జీపులనే వదులుతున్నారు. ఆ జీపువాడు చెప్పిన రేటు వింటే చలి పోయి చెమట పట్టింది. పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల దారికి పూటంతా పట్టింది. రెండు రోజుల్లో స్కీల మీద నిలబడింది మొత్తం మూడు గంటలు. అందులో రెండు గంటలు పడిలేవడం!

బాల్కనీ టిక్కెట్టు కొని, ఇంటర్వెల్ అయ్యాక హాల్లోకి వెళ్ళినట్టయింది మా పని. అప్పుడు తట్టింది. మన ఊళ్ళో నేల టిక్కెట్టువాడు తెరకు అందరికంటే దగ్గర. డబ్బూ తక్కువే!

రెండోసారి నేల టిక్కెట్టే కొన్నాం. మనాలి బజారులో ఆగకుండా, సోలాంగ్ దారిలోనే ఉన్న బురువా అనే పల్లెలో ఓ ఇంట్లో దిగాం. ఆంచల్ ఠాకూర్ ఊరు అదే. 2018లో టర్కీలో కంచు పతకం గెలిచి, స్కీయింగ్‌లో మన దేశానికి మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చిన అమ్మాయి. ఆ ఊళ్ళో పిల్లలు మనం సైకిలు నేర్చుకున్నట్టు స్కీలు నేర్చుకుంటారు.

మనిషికి తొమ్మిదివందలు, రాత్రి భోజనంతో సహా. ముగ్గురికీ ఒకే గది, మనిషికి రెండేసి రజాయిలు. ఇంటి ఆంటీజీ ‘సిద్దూ’ పెట్టారు. గోధుమపిండితో ఆవిరిమీద ఉడికించేది, మన కుడుముకి అన్నగారు! పైన నెయ్యి. వాళ్ళబ్బాయే స్కీలు అద్దెకిచ్చి, నిలబడ్డం నేర్పాడు. ఆదివారం మళ్ళీ మంచు పడింది, కింద దారి మళ్ళీ మూశారు. మేం మాత్రం పొద్దున తొమ్మిదికల్లా నడుచుకుంటూ వాలుమీదికి చేరిపోయాం. ఆ సుఖం ఏ స్టార్ హోటలు ఇస్తుంది?

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతమే. కానీ మూడో ట్రిప్పు సంగతి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఆసారి మా గదిలోని చిన్నవాడు, మేమంతా తమ్ముడూ అని పిలుస్తాం, వాడూ నేనూ మాత్రమే వెళ్ళాం. ఆంటీజీ ఇంట్లో ఖాళీ లేదు. దారిలో ఇంకోచోట చవగ్గా ఓ గది దొరికింది. ఎముకలు కొరికే చలి. పనికుర్రాడు జాలిపడి బొగ్గుల అంగీఠీ తెచ్చి పెట్టాడు. అదే మన కుంపటి. తలుపులు, కిటికీలు బిగించి హాయిగా పడుకున్నాం. అర్ధరాత్రి నాకు తల పగిలిపోతూ మెలకువ వచ్చింది. తమ్ముణ్ణి లేపితే లేవడు. కాళ్ళు పట్టుకుని బయటి మంచులోకి ఈడ్చేశాను. కాసేపటికి వాంతి చేసుకుని కళ్ళు తెరిచాడు. డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టించి, “ఇంకో గంట పడుకుంటే మీ ఇద్దరి ఫోటోలూ పేపర్లో చూసేవాణ్ణి” అన్నారు.

మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ప్రతి చలికాలం ఉత్తరాదిన ఇలా పోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. ఆంటీజీ ఇంట్లో ఉన్నది తందూర్. ఇనప పొయ్యి, పొగగొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. అంగీఠీకి గొట్టం లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చవక గది తీసుకోండి, తప్పులేదు. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మంచు పడితే వాలుదాకా నడిచిపోగలమా? గది వెచ్చగా ఉండేది దేనితో? గొట్టాల్లో నీళ్ళు గడ్డకడితే బకెట్టుతో వేణ్ణీళ్ళు ఇస్తారా? అసలు మంచు పడిందా? ఈ చివరిది మరీ ముఖ్యం. 2024 జనవరిలో గుల్మార్గ్ అంతటి గుల్మార్గే మంచులేక బోసిపోయింది. మొత్తం డబ్బు ముందే కట్టకండి.

రెండు వారాలు సెలవు దొరికేవాళ్ళకు ఇంకో మంచి మార్గం. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లోని భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, రెండూ సర్కారువే. చలికాలంలో స్కీ కోర్సులు పెడతాయి. బస, భోజనం, స్కీ సామాను ఫీజులోనే. దాన్ని మించిన చవక నాకు తెలియదు.

అన్నట్టు, మా తమ్ముడు స్కీయింగ్ మానలేదు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ గదిలో అడుగుపెట్టినా, వాడు ముందు చూసేది కిటికీలోంచి కొండను కాదు. తలెత్తి కప్పులో పొగగొట్టాన్ని!