విటమిన్ మాత్ర అంటే వట్టి బలం మాత్ర కాదు

"బలానికి ఒక విటమిన్ మాత్ర వేసుకుంటే పోయేదేముంది సిస్టర్?" ఈ మాట మేము వార్డులలో తరచుగా వింటూ ఉంటాము. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదంటారు. తలగడ క్రింద మాత్రం విటమిన్ మాత్రల అట్ట ఉంటుంది. వారు అబద్ధమాడుతున్నారని కాదు. విటమిన్ మందు క్రిందకు రాదని వారి నమ్మకం. ఆ నమ్మకం మారాలని మా అభిప్రాయం.

విటమిన్ తనంతట తాను బలం ఇవ్వదు. మన శరీరంలో ఎంజైములు అనే ప్రోటీనులు ఉన్నాయి. కొన్ని ఎంజైములు ఒంటరిగా పని చేయలేవు. విటమిన్ నుండి తయారైన పదార్థం వాటిలో సరైన చోట కూర్చుంటేనే పని జరుగుతుంది. దీనిని కోఫాక్టర్ అంటారు. తాళంలో తాళంచెవి ఇమిడినట్లు అనుకోండి.

అంత చిన్న పదార్థం ఎక్కడ కూర్చుందో ఎలా తెలుస్తుంది? శాస్త్రజ్ఞులు విటమిన్ అణువులో ఒక హైడ్రోజన్‌ను తీసి, ఆ స్థానంలో ఫ్లోరిన్ పెడతారు. ఫ్లోరిన్ పరిమాణంలో హైడ్రోజన్ కంటె కొంచెమే పెద్దది. కనుక చాలాసార్లు ఆ చోటులోనే ఇముడుతుంది. మామూలు ప్రోటీనులలో ఫ్లోరిన్ ఉండదు. అందుచేత ఎమ్మారై స్కానింగ్ సూత్రంతోనే పనిచేసే ఎన్నెమ్మార్ యంత్రంలో పెడితే, ఆ ఒక్క ఫ్లోరిన్ సంకేతమే వినబడుతుంది. చీకట్లో మందలోని ఒక్క ఆవు మెడకు గంట కట్టినట్లన్నమాట. విటమిన్ ప్రోటీనుకు అతుక్కోగానే ఆ సంకేతం మారుతుంది. 1980 దశకంలో బి6 విటమిన్ రూపానికి ఇలా ఫ్లోరిన్ తగిలించి, కండరాలలోని గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైమును పరిశీలించారు.

"ఈ లేబరేటరీ సంగతులు మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఇదే ఫ్లోరిన్ కేన్సర్ వార్డులో సెలైను సీసాలోకి వచ్చింది గనుక. 5-ఫ్లోరోయురాసిల్ అనే మందును 1957లో అమెరికాలో ఛార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం ప్రకటించింది. ఈ మందు శరీరంలో మార్పు చెంది, కణాలు పెరగడానికి అవసరమైన ఒక ఎంజైములో దూరుతుంది. అక్కడ ఫోలిక్ యాసిడ్ నుండి వచ్చిన కోఫాక్టర్‌తో కలిసి ఎంజైమును పట్టేస్తుంది. మామూలుగా ఆ చోటి నుండి హైడ్రోజన్ ఊడిపోవాలి, కాని ఫ్లోరిన్ ఊడదు. ఎంజైము అలాగే బిగుసుకుపోతుంది.

ఇందులో మనకు పాఠమున్నది. ఫోలిక్ రూపం ఎక్కువగా ఉంటే ఆ పట్టు మరింత గట్టిపడుతుంది. అందుకే డాక్టర్లు కొందరికి ల్యూకోవొరిన్‌ను లెక్క ప్రకారం ఇస్తారు. ఈ మందుగాని, మాత్రగా ఇచ్చే కెపెసిటబిన్‌గాని వాడుతున్నవారు సొంతంగా ఫోలిక్ మాత్రలు మింగితే నోటి పుండ్లు, విరేచనాలు, తెల్ల రక్తకణాలు తగ్గడం ఎక్కువ కావచ్చు. "బలం మాత్ర"తో నీరసించి పడిపోయే పరిస్థితి ఇదే.

క్షయ రోగులలో తీరు వేరు. ఐసోనియాజిడ్ మందు శరీరంలోని బి6ను తగ్గిస్తుంది. దానివల్ల అరికాళ్ళలో, అరచేతులలో తిమ్మిర్లు, మంటలు రావచ్చు. అందుకని డాక్టరు బి6 వ్రాస్తే దానిని "అదనపు మాత్ర" అని పారవేయకూడదు. అలాగని మంచిదే కదా అని నెలల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే అదే బి6 నరాలను దెబ్బ తీస్తుంది.

దీనిని చదివి ఎవరూ భయపడవద్దు. గర్భిణులు ఐరన్, ఫోలిక్ మాత్రలు తప్పక వేసుకోవాలి. కడుపులోని బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడడానికి ఫోలిక్ అవసరం. 1945లో ఈ ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మేము విటమిన్లకు విరోధులము కాము. అడగకుండా వేసుకోవడాన్నీ, చెప్పకుండా మానడాన్నీ మాత్రమే వద్దంటున్నాము.

కనుక మా మనవి ఒక్కటే. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మాత్ర అట్టను, టానిక్ సీసాను ఒక సంచిలో వేసుకుని రండి. చుట్టాలు ఇచ్చినదైనా, షాపులో కొన్నదైనా తీసుకురండి. మా నర్సులు విసుక్కోరు. మీరు చూపించిన ఆ అట్టే ఒక్కోసారి మీ వైద్యాన్ని కాపాడుతుంది.