ఎందుకు? ఎలా? : ఉప్పునీళ్ళు తాగని జెల్

పిల్లలూ! మామిడితోటల మధ్యనున్న రెడ్డిగూడెం నుంచి ఒక చిన్నారి ఇలా అడిగింది: "మా నాన్నగారు కొత్తగా మామిడి అంట్లు నాటుతున్నారు. మాది ఇసుక పాలు ఎక్కువైన నేల. మొదట్లో హైడ్రోజెల్ వేస్తే తడి నిలుస్తుందట. కాని మా బోరు నీళ్ళు కాస్త ఉప్పన. అయినా పని చేస్తుందా?"

మంచి ప్రశ్నే! ఇసుకలో పోసిన నీరు, జల్లెడలో పోసినట్టు కిందికి జారిపోతుంది గదా. దాన్ని పట్టి ఉంచడానికే ఈ జెల్. పంచదార పలుకుల్లా ఉంటుంది. నీరు తాగి ముంజలా ఉబ్బుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన 'పూసా హైడ్రోజెల్' తన బరువుకు 350 రెట్లు శుద్ధజలం తాగగలదు. నేల ఎండినప్పుడు ఆ తడిని వేళ్ళకు అందిస్తుంది.

మరి నీళ్ళు ఉప్పనైతే? అమ్మ మాగాయ పెట్టడం చూశారా? ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే ఊట తేలుతుంది, ముక్కలు ముడుచుకుంటాయి. ఇలాంటి చోట నీరు ఉప్పు తక్కువైన వైపునుంచి ఎక్కువైన వైపుకు పోతుందన్నమాట. జెల్ లోపలా లవణం ఉంది. బయట మంచినీరుంటే అది లోపలికి పరుగెడుతుంది. బయటా ఉప్పే ఉంటే ఆ లాగుడు తగ్గిపోతుంది. నీటిలో కాల్షియం ఉంటే మరీ కష్టం. అది జెల్‌లోని పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది. తరువాత మంచినీరు పోసినా ఆ ముడి సులువుగా విడదు.

పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని ఒక పరీక్ష చేయండి. కొత్త డైపరు చింపితే దూదిలో ఇలాంటి పలుకులే దొరుకుతాయి. రెండు గ్లాసుల్లో అరచెంచా చొప్పున వేసి, ఒకదానిలో మంచినీరు, రెండోదానిలో ఉప్పునీరు పోయండి. ఏది ఎంత ఉబ్బిందో మీకే తెలుస్తుంది. పొడి కంటికీ ముక్కుకూ తగలనీయకండి సుమా!

సముద్రం దగ్గరి బాపట్ల ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద మంచినీరు తేలి ఉంటుంది. అది తేలిక గనుక. అక్కడి రైతులు లోతుకు పోకుండా దొరువులు తవ్వి, పై నీటినే తోడుకుంటారు. ముందు నీటి సంగతి తెలుసుకోవడమే వారి తెలివి.

కాబట్టి చిన్నారీ, జెల్ కొనేముందు బోరు నీటిని పరీక్ష చేయించమని నాన్నగారితో చెప్పు. ఉప్పు ఎక్కువైతే జెల్ డబ్బు దండగ. పైగా మామిడికి ఉప్పు గిట్టదు. ఆకుల కొనలు మాడతాయి. అంట్లు నిలదొక్కుకునే దాకా, గుంటలో నిలవచేసిన వాననీరు పోయగలిగితే అంతకన్న మేలు లేదు.